మామిడికాయ పులిహోర, గణితం రెండో పేపరు

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నిటికీ రెండే కారణాలని గట్టిగా నమ్మేదాన్ని. ఒకటి, మనుషులకు టైంటేబుల్ లేకపోవడం. రెండోది, వాళ్ల పక్కన నేను లేకపోవడం. వయసు ఇరవై నాలుగు. ఎమ్మెస్సీ గణితంలో మెడల్ (దాన్ని మా అమ్మ కిరండూల్ ఇనుప గనుల క్వార్టర్లో షోకేసులో, తాజ్‌మహల్ బొమ్మకీ నాన్నకి గనిలో ఇచ్చిన గడియారానికీ మధ్య నిలబెట్టింది, వచ్చిన వాళ్లు గడియారం చూస్తే మెడల్ చూడక తప్పదు). ఆ మెడల్ ధైర్యంతోనే మా బస్తర్‌లోనే, జగదల్‌పూర్‌లో ఒక కాలేజీలో అతిథి అధ్యాపకురాలిగా చేరాను. అతిథి అధ్యాపకులంటే సంవత్సరమంతా పాఠాలు చెప్పించుకుని, ఎండలు ముదరగానే నమస్కారం పెట్టి ఇంటికి పంపించే జాతి. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ కాలేజీ కట్టిన నాటి నుంచీ నాకోసమే ఎదురు చూస్తోందనుకున్నాను. ఇవాళ ఆ పిల్ల ఎదురైతే కూర్చోబెట్టి, గ్లాసుడు మజ్జిగ చేతిలో పెట్టి, "కాసేపు నోరు మూసుకోవే తల్లీ" అని బతిమాలుకోవాలనిపిస్తుంది. వినదనుకోండి.

చేరిన ఆరు నెలలకు ప్రిన్సిపాల్ గారు పిలిచి, చదువులో వెనకబడ్డ పిల్లలకు అండగా నిలవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, గణితం రెండో పేపరు పోయిన పదకొండు మందినీ నాకు అప్పగిస్తున్నాననీ అన్నారు. ఆ పని ఇంకెవరూ ఒప్పుకోక నా దాకా వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా ప్రతిభ గుర్తించారనుకుని పొంగిపోయాను. ఆఫీసులో పెద్ద గుమాస్తా, మేమంతా బడే బాబు అని పిలిచే ఆయన, జాబితా ఇస్తూ ఒక పేరు కింద ఎర్ర గీత గీశారు. ఈ అమ్మాయికి ఇది మూడోసారి, పాత సిలబస్‌లో పరీక్ష పెట్టడం ఇదే ఆఖరు, ఈసారి పోతే మిగతా పేపర్లన్నీ పాసైనా లెక్కలోకి రావు, మళ్లీ మొదటి సంవత్సరంలో చేరాల్సిందే అని హిందీలో నిదానంగా చెప్పి, "దేఖ్ లీజియే మేడమ్" అన్నారు. చూసుకోండి అని. చూసుకోవడమేమిటి, ఆ అమ్మాయిని క్లాసు ఫస్టు చేసి పారేస్తానని మనసులో ఆయనకు మాటిచ్చేశాను.

ఆ అమ్మాయిది దోర్నపాల్ దాటి లోపలికి వెళ్తే వచ్చే పల్లె. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, కాలేజీలో హిందీ, హాస్టల్లో హల్బీ మాట్లాడుతుందని తోటి పిల్లలు చెప్పారు. నా దగ్గర మాత్రం ఈ నాలుగింట్లో ఏదీ మాట్లాడేది కాదు. నేనేం చెప్పినా "ఊఁ" అనేది. అర్థమైందా అంటే ఊఁ, రేపు వస్తావా అంటే ఊఁ. అందుకని ఆమెకు ఊకొట్టే అమ్మాయి అని నేనే పేరు పెట్టుకున్నాను. ఆ ఊళ్లోంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. బీఈడీ చేసి టీచర్ కావాలని ఉందట (ఈ ముక్క కూడా ఆమె చెప్పలేదు, హాస్టల్ వార్డెన్ దీదీ చెప్పింది). నేను ఎప్పుడూ ఆమె గురించి ఆమెను ఏమీ అడగలేదు. అడగడానికి నాకు తీరికేదీ, నేను మాట్లాడుతుంటినాయె.

నా పద్ధతులు చెప్తే మీరు నవ్వుతారు, నవ్వండి. ముందు ప్రగతి పత్రం అని ఒక ఫారం తయారుచేశాను, పదిహేడు గడులు. లక్ష్యం, బలాలు, బలహీనతలు, అవరోధాలు, ఆకలి, నిద్ర. పదకొండు మందీ అవరోధాల గడిలో "ఏమీ లేవు" అని రాసి, కింద సంతకం పెట్టి వినయంగా ఇచ్చారు. అవరోధాలు లేని మనుషులు పరీక్ష ఎందుకు తప్పుతారన్న అనుమానం నా మెడల్ బుర్రకు తట్టలేదు. తర్వాత నాలుగు రంగుల టైంటేబుల్. ఆ తర్వాత విజేతలు అని వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద పట్టుదల గురించి నాలుగు ముక్కలు పెట్టేదాన్ని, పదకొండు దణ్ణాలు వచ్చేవి. అబ్బా, ఎంత ఉత్సాహంగా ఉన్నారో అని మురిసిపోయేదాన్ని. క్లాసులో చాక్‌పీసు నా చేతిలోంచి కిందికి దిగేది కాదు. లెక్క ఇచ్చేదీ నేనే, చేసేదీ నేనే, భలే వచ్చిందని మెచ్చుకునేదీ నేనే.

మార్చి నెల సగంలో ఎండలు మొదలయ్యేసరికి పిల్లలు మధ్యాహ్నం క్లాసులో తూగడం మొదలుపెట్టారు. ఫోన్లో అమ్మతో చెప్పుకుని ఏడిస్తే, శ్రీకాకుళం వదిలి ముప్ఫై ఏళ్లయినా ఆ యాస వదలని మా అమ్మ, "కడుపులో ఏటీ లేకపోతే నీ లెక్కలు ఎక్కడికెక్కుతాయే? ముందు పెట్టు, తర్వాత చెప్పు" అంది. అని ఊరుకుందా, క్వార్టర్ వెనకాల చెట్టుకి ఆ ఏడు విరగకాసిన మామిడికాయలు గోనెసంచికెత్తి, జగదల్‌పూర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే ప్యాసింజరులో తెలిసిన వాళ్లకిచ్చి పంపించింది. మర్నాడు నేను తెల్లారకుండా లేచి పెద్ద గిన్నెడు మామిడికాయ పులిహోర కలిపాను. పోపులో వేరుశనగలు, ఇంగువ, దేనికీ లోటు లేదు. పదకొండు స్టీలు గిన్నెల్లో సర్ది బల్ల మీద వరసగా పెట్టి, ముందు తినండి, తర్వాతే ఇంటిగ్రేషన్ అని ప్రకటించాను.

జగదల్‌పూర్ టౌనులోనే పుట్టి పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు చెరొక గిన్నె ఖాళీ చేసి ఇంకో గిన్నె లాక్కున్నారు. మిగతా తొమ్మండుగురూ గిన్నెల వంక చూసి, ఒకరినొకరు చూసుకుని, తల దించుకున్నారు. ఒకడికి పంటినొప్పి. ఒకమ్మాయికి మంగళవారం ఉపవాసం (ఆ రోజు గురువారం). ఒకడు ఇప్పుడే తిన్నాను మేడమ్ అన్నాడు, వాడి కడుపు గుర్రుమంటున్నది నాకు వినిపిస్తూనే ఉంది. ఊకొట్టే అమ్మాయి తింటావా అంటే ఊఁ అంది, గిన్నె ఒళ్లో పెట్టుకుని గంటసేపు అలాగే కూర్చుంది. క్లాసయ్యాక చూద్దును కదా, కాలేజీ గేటు దగ్గరుండే ఆవు ఇంగువ వాసనతో నెమరేస్తోంది.

ఇక్కడ మా ఇంటి పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు విస్తరి ముందు కూర్చున్న మనిషి వద్దంటే అది మొహమాటం. చెయ్యి అడ్డం పెడితే ఇంకాస్త మొహమాటం. అప్పుడు ఆ చేతిని సున్నితంగా తప్పించి మరో గరిటె వేయడం మర్యాద. మా అమ్మమ్మ అలా వడ్డించి మనుషులను ఆస్పత్రి దాకా పంపిన సందర్భాలున్నాయి. నేను ఆ రక్తమే. పిల్లలు మొహమాట పడుతున్నారని తేల్చుకుని రెండో రోజు మామిడికాయ పప్పు తెచ్చాను. మూడో రోజు ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఒక్కొక్కరి చేతిలోనూ నేనే పెట్టాను. నాలుగో రోజుకి పదకొండు మంది ఏడుగురయ్యారు. తర్వాత నలుగురు. వారం తిరిగేసరికి ఆ టౌను కుర్రాళ్లిద్దరే మిగిలారు, వాళ్లు కూడా నోటుబుక్కులు తేవడం మానేసి చెంచాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

క్లాసుకు రాకపోతే నేనూరుకుంటానా? టిఫిను క్యారేజీ పట్టుకుని సాయంత్రం ఆరింటికి అమ్మాయిల హాస్టలుకు బయల్దేరాను. నేను గేటులో కనపడగానే ఆడపిల్లలందరికీ ఒక్కసారే స్నానాలు గుర్తొచ్చేవి. వార్డెన్ దీదీ నా వైపు జాలిగా చూసేది కానీ పైకేమీ అనేది కాదు. మూడో సాయంత్రం వెళ్లేసరికి, ఊకొట్టే అమ్మాయి పుస్తకాలు సర్దుకుని పొద్దున బస్సులోనే ఇంటికి వెళ్లిపోయిందని చెప్పింది. పరీక్ష ఇంకా పదకొండు రోజులే ఉంది. ఫోను చేస్తే అందుబాటులో లేదంటోంది. గదికి వచ్చి నేల మీద కూర్చుని ఏడ్చాను. వంట బాగాలేదేమోనని కాదు, నేను చెప్పే చదువు ఎవరికీ వద్దని. నా మూలంగా ఒక ఆడపిల్ల మూడేళ్ల చదువూ గాలికి పోతోందని మొదటిసారి భయమేసింది. ఏడుపయ్యాక ముఖం కడుక్కుని, ఆ ఊరికి ఎలా వెళ్లాలో దీదీని అడిగాను.

మర్నాడు కోంటా వైపు వెళ్లే మొదటి బస్సెక్కి, దోర్నపాల్‌లో దిగి, సంతకు సరుకు దింపి వెళ్తున్న ఆటోలో ఖాళీ బస్తాల మీద కూర్చుని, పదకొండు కావస్తుండగా వాళ్ల ఇల్లు చేరాను. వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. వాటి చుట్టూ తిరిగి వెళ్లాలన్న ఇంగితం ఒక్కటి ఆ రోజు నాకు మిగిలింది. నన్ను చూసి ఆ అమ్మాయి తలుపు పక్కన బిగుసుకుపోయింది. వాళ్ల నాన్న మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, ఎంత దూరం వచ్చిన్రు మేడమ్ అని నొచ్చుకున్నాడు. పక్కన వాళ్ల నాయనమ్మ చీపురు పుల్లలు ఏరుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా. సంచిలోంచి మా అమ్మ గోనెసంచి అడుగున పెట్టి పంపిన కొత్తావకాయ సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. కాసేపు చూశాడు. తర్వాత నడుచుకుంటూ వెళ్లి దడి బయట ఒక రాయి మీద జాగ్రత్తగా పెట్టి వచ్చాడు. నేను గబగబా లేచి, "అయ్యో, ఎండలో పెడితే పాడైపోతుందండీ" అంటూ ఆ సీసా తెచ్చేసి, తిన్నగా లోపలికి వెళ్లి పొయ్యి పక్కన అటక మీద పెట్టాను. ఆ అమ్మాయి అప్పటికే రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. బయటికి వచ్చాక ముసలవ్వ పలకడం లేదేమిటా అనిపించి, రుచి చూపిద్దామని మళ్లీ లోపలికి వెళ్లి, మూత తీసి, ఒక ముక్క వేలితో పట్టుకొచ్చి ఆమె నోటి దగ్గర పెట్టబోయాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. చెప్పొద్దూ, ఆ పట్టు ఇప్పటికీ గుర్తే.

"ఆగు బిడ్డా" అంది. "మాకింక పండుం గాలె. కొత్తకాయ ముందుగాల నేలతల్లికి, పోయిన పెద్దలకు ఇయ్యాలె. అప్పటిదాంక మేం నోట పెట్టం. ఒక్కలు తిన్నా ఊరంతటికి తప్పు."

నా వేలి చివర ఆవకాయ ముక్క అలాగే ఉండిపోయింది. వాళ్ల నాన్న నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. చెట్టున కాయ ఎంత కాసినా, ఊరంతా కలిసి మామిడి పండుం అనే పండగ చేసి, పూజారి కాయ కోసి అర్పించే దాకా ఎవరూ ముట్టరు. ముందు తిన్న వాళ్లను పెద్దలు కూర్చోబెట్టి తప్పు వేస్తారు, ఆ ఏడు వానలు సరిగ్గా పడకపోయినా, పులి వచ్చినా, ఆ తిన్న వాళ్లవైపే చూస్తారు. ఇది ఒక్క వాళ్లకే కాదు, మా క్లాసులో టౌను కుర్రాళ్లు తప్ప తక్కిన అందరి ఊళ్లలోనూ ఏదో ఒక పేరుతో ఉన్నదే. నేను పుట్టింది బస్తర్లో. పెరిగింది బస్తర్లో. ఇరవై నాలుగేళ్లు క్వార్టర్ల ప్రహరీ లోపల ఆవకాయ తింటూ కూర్చుని ఈ ఒక్క ముక్క తెలుసుకోలేదు. ఆ మాట పైకి అనేశాను కూడా. చెయ్యి ఎక్కడ కడుక్కోవాలో అడిగి, దూరంగా వెళ్లి కడుక్కుని వచ్చి, సీసాకు మూత బిగించి సంచిలో పెట్టుకుని, తప్పు నాదే, మీ పెద్దలు ఏం వేస్తే అది కడతానన్నాను. ఎవరూ తినలేదుగా, ఏం కాదులే అంది అవ్వ.

"మరి నాకు చెప్పొచ్చు కదమ్మా" అన్నాను ఆ అమ్మాయితో. మూడు నెలల్లో నేను ఆమెను జవాబు కోసం అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"మీరు అంత పొద్దుగాల లేసి, మాకోసమని వండి తెచ్చిన్రు మేడమ్. వద్దంటే మీ మనసు నొస్తది. తింటే మా ఊరికి తప్పు" అని ఆగింది. "అందరం కూసోని మాట్లాడుకున్నం. రాకుంటే సరిపోద్ది అనుకున్నం."

అదన్నమాట సంగతి. నా బోధన మీద పది రోజులుగా నేను చేసిన ఆత్మవిమర్శంతా వృథా. నన్ను నొప్పించకుండా ఉండటం కోసం తొమ్మండుగురు పిల్లలు తమ పరీక్ష పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు. పావుగంట సేపు నేను మాట్లాడకుండా ఉన్న సందర్భం నా జీవితంలో అదే మొదటిది (మత్తుమందు ఇచ్చి టాన్సిల్స్ తీసినప్పుడు తప్ప). ఆ మౌనంలోనే వాళ్ల నాన్న, అడగాలా వద్దా అన్నట్టు, "ఈసారన్న అయితదా మేడమ్? మల్లా పోతే ఇంటికొచ్చెయ్ బిడ్డా, సాలు అని చెప్పిన" అన్నాడు. ఆ అమ్మాయి నేల వైపు చూస్తూ చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. ఆమెకు ఏడుపొస్తోందని తెలుస్తూనే ఉంది.

అప్పుడు అడిగాను, ఆ పేపరు నీకెందుకు పోతోందమ్మా అని. తెలవదు, లెక్కలన్నీ వస్తయి అంది. నోటుబుక్కు తెప్పించి ఒక ఇంటిగ్రేషన్ లెక్క ఇచ్చాను. లెక్క వైపు కొంచెంసేపు చూసింది. కింద ఒక్క గీత గీసి జవాబు రాసింది. జవాబు కరెక్టు. ఇంకోటి ఇచ్చాను, నేనైతే పేజీన్నర చేసేది. మళ్లీ చూసింది, మళ్లీ జవాబు రాసింది. కరెక్టే. నాకు మెడల్ వచ్చిన ఏడు ఈ పిల్ల పక్క బెంచీలో లేకపోవడం నా అదృష్టం. మధ్యలో స్టెప్పులేవీ అంటే, మనసులోనే చేసిన అంది. పరీక్షలోనూ ఇలాగే రాస్తావా అంటే, ఊఁ అంది.

"దిద్దేటోల్లు పెద్ద సార్లు గదా మేడమ్, ఆళ్లకు తెల్వనిదా?" అంది నెమ్మదిగా. "తెలిసినోల్లకే మల్లా అంతా ఇప్పి చెప్తే, ఏంది ఈ పిల్ల నాకే నేర్పుతాంది అనుకోరా?"

మూడు నెలలు. ఒక్కనాడు చాక్‌పీసు ఆ అమ్మాయి చేతికిచ్చి ఉంటే, రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. మర్యాద కోసం జవాబు మాత్రమే రాసి, ఎక్కడో చూసి రాసిందని దిద్దేవాళ్లు సున్నాలు చుడుతుంటే, రెండుసార్లు తప్పి ఆ పిల్ల తనకు బుర్ర లేదనుకుంటూ కూర్చుంది. మార్కులు స్టెప్పులకే ఉంటాయని, అవి రాయడం అమర్యాద కాదని చెప్పాను. ఊఁ అంది. ఈసారి ఆ ఊఁ నాకు అర్థమైంది. మిమ్మల్ని కాదనలేను గానీ ఆ పని నావల్ల కాదు అని దాని అర్థం. పెద్దవాళ్ల ముందు అలా నోరు విప్పడం ఆమెకు చేతకాదు. ఏం చెయ్యాలో తోచక, కిందకి దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"సరే, ఆ పేపరు పెద్ద సార్లు దిద్దరనుకో. నేను దిద్దుతాననుకో" అన్నాను. "నాకేం తెలుసో నువ్వు చూశావుగా. కళ్లెదుట ఉన్నది కూడా విప్పి చెప్పకపోతే, ఆవకాయ తెచ్చి మీ నాయనమ్మ నోట్లో పెట్టే రకాన్ని."

ముందు అవ్వ నవ్వింది. పళ్లు లేని నోరంతా తెరిచి, చీపురు పుల్లలు పక్కన పడేసి, ఒళ్లు కదిలిపోయేలా నవ్వింది. వాళ్ల నాన్న మర్యాదకు అటు తిరిగి నవ్వాడు. చివరికి ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, మొదటి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కో స్టెప్పు రాసి నా వైపు చూసేది. నాకు అర్థం కానట్టు ముఖం పెట్టేదాన్ని (పెద్దగా నటించాల్సిన అవసరం రాలేదు). ఇంకో స్టెప్పు రాసేది. పద్నాలుగు వరసలు వచ్చాయి. చివర్న స్థిరాంకం కలపడం మర్చిపోవద్దని నాకోసం పక్కన విడిగా రాసింది కూడా.

మధ్యాహ్నం బస్సుకు నేను, మర్నాటి బస్సుకు ఆమె జగదల్‌పూర్ చేరాం. మిగిలిన రోజుల్లో నేను క్లాసుకు కుండలో మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకెళ్లలేదు. తొమ్మండుగురూ తిరిగి వచ్చారు. టౌను కుర్రాళ్లు రెండు రోజులు చూసి మానేశారు. ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పంపి, నేను చివరి బెంచీలో కూర్చున్నాను. మధ్యలో అందుకుని చెప్పెయ్యాలని ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో నాకు తెలుసు. దుపట్టా నోట్లో కుక్కుకుని ఆపుకున్నాను.

ఫలితాలు వచ్చేసరికి నా అతిథి మర్యాదలు ముగిశాయి. కిరండూల్‌లో అమ్మతో కలిసి వడియాలు ఎత్తుతుండగా ఫోను మోగింది. "మేడమ్, పాసైన" అంది. అని ఊరుకుంది. అలవాటు ప్రకారం నేనొక ఉపన్యాసం మొదలుపెట్టబోయి, నాలుక కరుచుకుని, ఎలా రాశావమ్మా అని మాత్రం అడిగాను.

"ప్రతి లెక్క కాడ మీ మొఖం యాది చేసుకున్న మేడమ్" అంది. "పాపం, మేడమ్‌కు ఇది గూడ తెల్వదేమో అని, ఒక్క ముక్క ఇడిసిపెట్టకుండ రాసిన."

వడియాల పళ్లెం పక్కన పెట్టి అక్కడే కూలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఏటయిందే అని అమ్మ కంగారుపడింది. ఏం చెప్పను? ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను, చాలామందికి చెప్పాను, కొందరు నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మాట లాంటిది మళ్లీ వినలేదు. ఇరవై నాలుగేళ్లప్పటి నా ముఖం ఎలా ఉండేదో నాకే సరిగ్గా గుర్తులేదు ఇప్పుడు. ఆ అమ్మాయికి మాత్రం బాగా గుర్తుండి ఉంటుంది. ఒక డిగ్రీకి పనికొచ్చిన ముఖం, ఏమీ అనకూడదు.